బీఏఎస్‌ఎల్‌పీలో చేరబోయే హేమకు

తిరుపతి

చిరంజీవి హేమకు పెద్దమ్మ ఆశీస్సులు.

బైపీసీ అయిపోయింది, బీఏఎస్‌ఎల్‌పీలో చేరాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. వినికిడి, మాట సమస్యలను పరీక్షించి సరిచేయడం నేర్పే డిగ్రీ ఇది. మన వైపు చాలామంది దీన్ని చెవి మిషన్లు పెట్టే కోర్సు అనుకుంటారు. అది ఇందులో ఒక మూల మాత్రమే. మూడేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ కలిపి నాలుగేళ్లు. పసిబిడ్డల వినికిడి, ఆలస్యంగా వచ్చే మాటలు, నత్తి, గ్రహణం మొర్రి, పక్షవాతం తర్వాత పోయిన మాట, మింగలేకపోవడం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి.

ముందు కాలేజీ సంగతి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ అనుమతి ఉందా, నువ్వు చేరే సంవత్సరానికి ఉందా అన్నది ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో నువ్వే చూసుకో. ఆ అనుమతి లేకపోతే పట్టా చేతికొచ్చినా రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేనిదే ప్రాక్టీసు చేయకూడదు. మైసూరులో 1965లో మొదలైన, మాట, వినికిడి కోసం పెట్టిన ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్, సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మనకు దగ్గరలో వేలూరు సీఎంసీ, చెన్నై దగ్గర ముట్టుకాడులోని జాతీయ సంస్థ, ఇవన్నీ చూడదగినవే. ఏ కాలేజీకి వెళ్లినా ప్రిన్సిపాల్‌తో పాటు మూడో ఏడాది పిల్లల్ని కూడా అడుగు: రోజుకు ఒక్కొక్కరి చేతికి ఎంతమంది పేషెంట్లు వస్తారు, పక్కన కూర్చుని తప్పు చెప్పే మేడమ్ ఉంటారా, ఆడియోమీటర్‌ను (వినికిడి కొలిచే యంత్రం) చివరిగా ఎప్పుడు కాలిబ్రేట్ చేశారు, అంటే కొలత సరిచూశారు? వీటికి తడుముకోకుండా జవాబు వచ్చిన చోట చేరు.

బైపీసీ పిల్లలు మొదటి సెమిస్టర్‌లో తడబడేది శరీర నిర్మాణం దగ్గర కాదు, ధ్వని శాస్త్రం దగ్గర. శబ్దాన్ని కొలిచే డెసిబెల్ మామూలు లెక్క కాదు, లాగరిథమ్ లెక్క. ఒక్కొక్కటి 60 డెసిబెల్స్ మోత చేసే ఫ్యాన్లు రెండు కలిస్తే 120 రాదు, 63 వస్తుంది. ఆడియోమీటర్ మీద సున్నా అంటే శబ్దం లేదని కాదు, మంచి వినికిడి ఉన్న పడుచువాళ్లు అతికష్టం మీద పసిగట్టే శబ్దం అని. అందుకే మైనస్ 10 దగ్గర కూడా వినేవాళ్లుంటారు. చేరేలోగా లాగరిథమ్స్ మళ్లీ ఒకసారి చేసుకో, మిగతా పాఠాలు తేలికవుతాయి.

ఇక ఆడియోమెట్రీ, అంటే ఆ యంత్రంతో వినికిడి పరీక్ష. బాగా వినిపించే చెవితో, 1000 హెర్ట్జ్ టోన్‌తో మొదలుపెట్టాలి. వినిపించిందంటే 10 డెసిబెల్స్ తగ్గించు, వినిపించలేదంటే 5 పెంచు. పెంచుతూ వచ్చినప్పుడు మూడింట రెండుసార్లు చెయ్యెత్తిన అతి తక్కువ స్థాయే ఆ మనిషి త్రెషోల్డ్. చెప్పడానికి ఇంతే, తప్పులు మాత్రం చాలా దారుల్లో వస్తాయి. ఎర్ర హెడ్‌ఫోన్ కుడి చెవికి, నీలం ఎడమకు. తొందరలో తారుమారైతే రిపోర్టు మొత్తం తప్పు. లయగా, ఒకే వ్యవధిలో టోన్లు ఇస్తే పేషెంటు వినకుండానే తాళం పట్టి చెయ్యెత్తేస్తాడు, కాబట్టి మధ్య విరామాలు మారుస్తూ ఉండు. నీ చెయ్యి బటన్ మీద కదలడం అతనికి కనబడకూడదు. ముసలివాళ్లలో హెడ్‌ఫోన్ ఒత్తిడికి చెవి రంధ్రం మూసుకుపోయి, లేని లోపం ఉన్నట్టు కనబడుతుంది. అన్నిటికంటే పెద్ద తప్పు మాస్కింగ్, అంటే ఒక చెవిని పరీక్షిస్తున్నప్పుడు రెండో చెవి వినకుండా దానికి హోరు శబ్దం ఇవ్వడం, మరచిపోవడం. మామూలు హెడ్‌ఫోన్‌తో చెడ్డ చెవికి ఇచ్చే శబ్దం, అవతలి చెవి ఎముక ద్వారా వినే స్థాయికంటే 40 డెసిబెల్స్ ఎక్కువైతే, అది పుర్రె గుండా మంచి చెవికి చేరిపోవచ్చు. అప్పుడు పూర్తిగా వినబడని చెవి కూడా కొంత వింటున్నట్టు గ్రాఫులో పడుతుంది.

పసిబిడ్డలకు ఓఏఈ, అంటే లోపలి చెవి స్పందన చూసే పరీక్ష చేసినప్పుడు ‘పాస్’ అని వస్తే అంతా బాగుందని తేల్చేయకు. లోపలి చెవి బాగుండి నరం దగ్గర లోపముంటే ఓఏఈ పట్టుకోలేదు. ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూలో) ఉండి వచ్చిన బిడ్డలకు బెరా, అంటే నరం స్పందన కూడా చూసే పరీక్ష, తప్పదు. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వైద్యం, శిక్షణ మొదలు కావాలి. ‘మేనమామకూ ఐదేళ్లకే మాటలొచ్చాయి’ అని ఎదురుచూసే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి, అక్కడ నువ్వు నెమ్మదిగా గట్టిగా చెప్పాలి. మేనరికమా అని అడగడం తప్పదు. ఆ ప్రశ్న తల్లికి నిందలా తగలకుండా, మిగతా కుటుంబ వివరాల మధ్యలో అడుగు.

మన జిల్లాల్లో నీకు పాఠ్యపుస్తకం చెప్పని ఇబ్బంది ఒకటి ఎదురవుతుంది. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం, బడిలో తెలుగు. కుప్పం, పలమనేరు వైపు కన్నడం కూడా కలుస్తుంది. తమిళంలో ఖ, ఘ, భ లాంటి ఒత్తక్షరాలు లేవు, క-గ తేడాతో అర్థం మారడం కూడా అరుదు. ఆ ఇంటి బిడ్డ ‘ఖ’ను ‘క’ అంటే అది ఉచ్చారణ దోషం కాదు. ‘భోజనం’ను ‘బోజనం’ అనేవాళ్లు అచ్చ తెలుగు ఇళ్లలోనూ కావలసినంతమంది. బొమ్మ చూపించి పేరు అడిగితే ఉల్లిపాయకు ‘ఎర్రగడ్డ’ అన్నా, వేరుశెనగకు ‘చెనిక్కాయ’ అన్నా మార్కు తీసేయకు. ‘కాకి’ని ‘తాతి’ అనడం వేరు, అది వయసును బట్టి చూడాల్సిన విషయం: రెండున్నరేళ్ల బిడ్డ అంటే ఆగి చూడొచ్చు, ఐదేళ్ల బిడ్డ అంటే థెరపీ కావాలి. పక్షవాతం వచ్చిన పెద్దాయనకైతే ముందు ఏ భాష నేర్చారు, రోజూ ఇంట్లో ఏది మాట్లాడేవారు అని అడిగి, వాటన్నిటిలోనూ పరీక్షించు. ఒక్క తెలుగులోనే చూస్తే మిగిలి ఉన్న మాటను కూడా పోయిందని రాసేస్తావు.

ఇంటర్న్‌షిప్‌లో ఎక్కడికి పంపుతారో చూసుకుని, వీలైతే ఈఎన్‌టీ ఓపీ ఒకచోట, స్ట్రోక్ వార్డు ఒకచోట, ప్రత్యేక అవసరాల పిల్లల కేంద్రం ఒకచోట పడేలా అడుగు. ఎమ్మెస్సీలో ఆడియాలజీ, స్పీచ్ రెండు దారులుగా చీలిపోతాయి. ఏది నీదో ఆ ఏడాదిలోనే తెలుస్తుంది.

క్లాసులు మొదలయ్యేలోగా ఒక పని చెయ్యి. మీ వీధిలో మూడేళ్ల బిడ్డ ఎవరైనా ఉంటే, తల్లిని అడిగి, ఆటలో ఉండగా పదినిమిషాల మాటలు ఫోన్‌లో రికార్డు చెయ్యి. 50 మాటలు, నువ్వు సరిదిద్దకుండా, బిడ్డ అన్నది అన్నట్టే రాయి. రెండు రోజుల తర్వాత ఆ కాగితం చూడకుండా మళ్లీ విని రాయి. రెండుసార్లూ ఒకేలా రాని మాటల దగ్గరే నీ చెవికి ఇంకా సాధన కావాలి. ఆ కాగితాలు రెండూ పట్టుకుని ఆదివారం ఇంటికి రా, కలిసి విందాం.

మీ పెద్దమ్మ