తొమ్మిదేళ్ల కుక్కకు గ్యాస్ మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయించవచ్చా?

మీ కుక్కకు తొమ్మిదేళ్లు, రొమ్ము దగ్గర గడ్డ, డాక్టరుగారు ఐసోఫ్లూరేన్ అనే మత్తు గ్యాస్ ఇచ్చి తీసేస్తానన్నారు. మనుషులకిచ్చే మత్తును ఈ వయసులో అది తట్టుకుంటుందా అని అడిగారు. తట్టుకుంటుంది. నన్నడిగితే మందు సంగతి కన్నా, అది ఇచ్చి పక్కనే ఉండి చూసుకునే మనిషి ఎవరో ముందు కనుక్కోండి. మా కుక్క చిన్నికి జరిగిన ఆపరేషన్ కళ్లారా చూశాక నాకు ఈ విషయంలో అనుమానమే లేదు.

చిన్నికి గర్భసంచిలో చీము పట్టింది. అప్పటికే ముసలిది, తిండి మానేసి నీళ్లే తాగుతూ ఉండేది. మొదట తీసుకెళ్లిన క్లినిక్‌లో గ్యాస్ మెషీన్ లేదు, ఇంజెక్షన్ మత్తుతో చేసేస్తామన్నారు. ఆ ఇంజెక్షన్‌లో ఉండే కెటమిన్ ఒంట్లోకి వెళ్లాక దానికి విరుగుడు లేదు, కాలేయం, కిడ్నీలు దాన్ని బయటికి పంపేదాకా ఆగాల్సిందే. కిడ్నీలు సరిగా పనిచేయక రక్తంలో క్రియాటినిన్ పెరిగి ఉన్న కుక్కకు అలా చేయించడానికి నా మనసొప్పలేదు. ఇంకో చోటికి తీసుకెళ్తే అక్కడి డాక్టరమ్మ నన్ను లోపల ఒక మూలన నిలబడనిచ్చారు.

ముందు కాలికి సూది పెట్టి ప్రొపోఫాల్ అనే మత్తుమందు ఎక్కించారు. ఒళ్లు వదిలేయగానే గొంతులోకి ట్యూబు వేసి, ఆ తర్వాతే ఆక్సిజన్‌లో కలిపి ఐసోఫ్లూరేన్ పెట్టారు. దీని వాసన ఘాటు. మెలకువగా ఉండగా మాస్కు పెడితే ఊపిరి బిగబట్టి గింజుకుంటాయట. కోత పెట్టిన దగ్గర్నుంచి ఒక కుర్రాడు చిన్ని తల దగ్గర నుంచి కదల్లేదు. నల్ల రబ్బరు సంచి ఉబ్బడం, తగ్గడం చూస్తూ, మధ్యమధ్యలో కంటి కొసన వేలితో తాకి రెప్ప కదులుతుందా, దవడ బిగుసుకుందా వదులుగా ఉందా అని చూస్తూనే ఉన్నాడు. నాలుకకు క్లిప్పు, కాలికి బీపీ పట్టీ.

ఉన్నట్టుండి బీపీ పడిపోయింది. ఈ మందు రక్తనాళాలను సడలిస్తుంది, మోతాదు పెరిగేకొద్దీ బీపీ తగ్గుతుంది, ఊపిరీ మందగిస్తుంది. ఆ కుర్రాడు గ్యాస్ డయల్‌ని రెండు శాతం నుంచి ఒకటిన్నరకు తిప్పి, సెలైన్ వేగం పెంచి, అప్పుడు డాక్టరమ్మకు చెప్పాడు. కాసేపటికి అంకె మళ్లీ పైకి వచ్చింది. గ్యాస్‌లో ఉన్న సుఖం ఇదే. ఊపిరితో లోపలికి వెళ్లింది ఊపిరితోనే బయటికొచ్చేస్తుంది, కాలేయం మీద పడేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. పాతకాలపు మత్తు గ్యాస్ హాలోథేన్ అయితే ఐదో వంతు దాకా కాలేయమే కరిగించాల్సి వచ్చేది.

మనుషుల మందు అని భయపడుతున్నారు కాబట్టి చెబుతున్నా, సీసా కూడా అదే. కోత పెట్టినా సగం మంది కదలకుండా ఉండాలంటే మనిషికి ఊపిరిలో ఈ గ్యాస్ సుమారు 1.2 శాతం కావాలి, కుక్కకు 1.3, పిల్లికి 1.6. పెద్ద తేడా ఏముంది?

పైగా ఈ విషయంలో మన హైదరాబాద్‌కు చరిత్రే ఉంది. అప్పట్లో మత్తుకు వాడే క్లోరోఫాంతో మనుషులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో, 1889లో ఇక్కడే రెండు కమిషన్లు నడిపాడు. ఖర్చు నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టరు కూడా వచ్చాడు. వందలాది కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, కాబట్టి ఊపిరినే గమనించండి అని తేల్చారు. కానీ 1911లో లెవీ అనే ఇంగ్లండ్ డాక్టరు పిల్లుల మీద చేసి చూపించాడు: క్లోరోఫాం మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోతుందని. ఊపిరి చూడమన్నంత వరకు లారీ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. గుండెను పట్టించుకోనక్కర్లేదన్నదే ప్రాణాల మీదికి తెచ్చింది. ఇవాళ మానిటర్ రెండూ చూపిస్తుంది, కానీ దాని వైపు చూసే మనిషి ఉండాలి కదా.

మా అక్క కొడుక్కి టాన్సిల్స్ తీసినప్పుడు సెవోఫ్లూరేన్ అనే ఇంకో మత్తు గ్యాస్ ఇచ్చారు. ఘాటు ఉండదు కాబట్టి పిల్లలకు మాస్కుతో నేరుగా పెట్టేస్తారు. లేచాక వాడు ఎవరినీ గుర్తుపట్టనట్టు ఏడ్చి, తన్ని, అక్క చేతిలోంచి జారిపోబోయాడు. పిల్లల్లో ఈ మందుతో ఇది మామూలే, కాసేపట్లో తగ్గుతుంది. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే అక్కకు అంత టెన్షన్ ఉండేది కాదు. బిల్లులో మత్తు డాక్టరు ఫీజు చూసి బావగారు గొణిగారు కూడా. ఆపరేషన్ ఎవరు చేశారని ఊరంతా అడుగుతారు, మత్తు ఎవరిచ్చారని ఒక్కరూ అడగరు. నాకిది చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

ఇక మీ సంగతి. ఐసోఫ్లూరేన్ నిద్రపుచ్చుతుంది గానీ నొప్పి తగ్గించదు, నొప్పికి వేరే ఏమిస్తారో అడగండి. ట్యూబు వేస్తారా, మత్తు చూసుకోవడానికే ఒక మనిషి ఉంటారా అనీ అడగండి. డాక్టరు చెప్పిన టైము నుంచి తిండి పెట్టొద్దు. పాపం ఆకలేస్తోందని ఇంట్లో ఎవరో ఒకరు బిస్కెట్ పెట్టేస్తారు, మత్తులో కక్కుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లేచేటప్పుడు ఒళ్లు చల్లబడి వణుకుతుంది, దుప్పటి తీసుకెళ్లండి. వయసు చూసి భయపడి గడ్డను పెరగనివ్వకండి. రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ఈ వారమే చేయించండి, రిపోర్టులు బాగుంటే ఆపరేషన్‌కు డేట్ తీసేసుకోండి.