నాటాల్ వెళ్లిన ముత్తవ్వ పుట్టిల్లు ఎలా కనుక్కోవాలి?

మీ ఆవిడ ముత్తవ్వ 1890ల్లో విశాఖ జిల్లా పల్లె నుంచి నాటాల్ (ఇప్పటి దక్షిణాఫ్రికాలో ఒక ప్రాంతం) చెరకు తోటలకు వెళ్లారని, పుట్టిల్లు ఎక్కడో తెలియడం లేదని రాశారు. మా నాయనమ్మ మేనత్త కూడా అలా వెళ్లినావిడే. ఆవిడ మునిమనవలు డర్బన్ నుంచి రాస్తే, ఇక్కడ ఊళ్లు తిరిగి వెతికింది నేను.

ముందు ఆ ముత్తవ్వ కలోనియల్ నంబరు సంపాదించండి. 1860 నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా అక్కడ దిగిన లక్షన్నర మందికి పైగా ఈ నంబర్లు ఇచ్చారు. పిల్లల జనన, వివాహ పత్రాల్లో తల్లిదండ్రుల నంబరు ఉందేమో చూడండి. దాన్ని పట్టుకుని ఓడ జాబితాకు వెళ్తే పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది గుర్తులు వరుసగా కనిపిస్తాయి. మావాళ్లకు దొరికిన వరుసలో ముంజేతి మీద పచ్చబొట్టు కూడా రాసి ఉంది. అది చదివి మా పెద్దత్త ఏడ్చేసింది.

ఆడవాళ్ల విషయంలో అన్నిటికన్నా విలువైనది తండ్రి పేరు. పెళ్లయితే ఇంటిపేరు మారిపోతుంది, జాబితాలో అసలు ఇంటిపేరే లేకపోవచ్చు కూడా. అయితే ఆ వైపు ప్రతి ఊళ్లోనూ అప్పన్నలు, పైడయ్యలు బోలెడుమంది. అందుకే ఊరు, కులం కలిపి చూడాలి. ఊరి పేరును గుమస్తా తన చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. దాన్ని కళ్లతో చదివితే తేలదు. ఆ తాలూకా ముసలివాళ్ల ముందు పైకి చదవండి, వాళ్లే సరిచేస్తారు.

జిల్లా దగ్గరా జాగ్రత్త. అప్పటి విశాఖ జిల్లాలో ఇప్పటి విజయనగరం, అనకాపల్లి, పార్వతీపురం అన్నీ ఉండేవి. శ్రీకాకుళం మాత్రం 1936 దాకా గంజాంలో ఉంది.

రెవెన్యూ రికార్డుల మీద మరీ ఆశ పెట్టుకోకండి. అక్కడ చాలా ఊళ్లు విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీలవి. వాటిలో సర్కారు సెటిల్‌మెంటు (ఏ భూమి ఎవరిదో తేల్చి రాయడం) 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే జరిగింది. అప్పటికి భూమి ఆవిడ అన్నదమ్ముల కొడుకుల పేరునో, మనవల పేరునో ఉంటుంది. ఆడపిల్ల పేరు వెతికినా దొరకదు.

మాకు దారి చూపింది ఆడవాళ్ల జ్ఞాపకమే. దూరమైపోయిన ఆడపడుచు పేరు ఆ ఇంట్లో ఎవరో ఒక పిల్లకు పెడతారు. కాబట్టి ఊళ్లోకి వెళ్లి "నాటాల్ ఎవరు వెళ్లారు?" అని మగవాళ్లను అడిగి ఊరుకోకండి. ఇంటి పెద్ద కోడళ్ల దగ్గర కూర్చుని, "ఈ పేరు మీ ఇంట్లో ఎవరికైనా ఉందా, ఎవరి పేరని పెట్టారు?" అని అడగండి. మా నాయనమ్మ మేనత్త పేరు అలాగే ఇద్దరు మనవరాళ్లలో దొరికింది. ఇలవేల్పు ఎవరు, పండక్కి ఏం చేస్తారు అన్నది డర్బన్‌లో ముందే రాయించుకుంటే, ఇక్కడ చెప్పినదానితో సరిపోల్చుకోవచ్చు.

తండ్రి పేరు, ఊరు దొరకగానే ఇక్కడే రాయండి. పార్వతీపురం వైపు అయితే నేనే వెళ్లి అడిగి చెబుతాను.