మావాడు రాత్రంతా ప్రైమ్ నంబర్లు వెతుకుతున్నాడు, ఇది అన్నం పెడుతుందా?

"సార్, మా అబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఈమధ్య రాత్రంతా కంప్యూటర్ ఆన్‌లో పెట్టి పెద్ద ప్రైమ్ నంబర్ పట్టుకుంటానంటున్నాడు, కరెంటు బిల్లు తప్ప నాకేం కనబడట్లేదు. ఏ కోర్సులో వెయ్యాలి?" – ఒక తల్లి, నరసరావుపేట

అమ్మా, బిల్లు విషయంలో మీ బాధ కరెక్టే. ప్రైమ్ అంటే 1తోనూ తనతోనూ తప్ప ఇంకే నంబరుతోనూ శేషం లేకుండా భాగం పోని నంబరు. 2024 అక్టోబర్‌లో దొరికిన రికార్డు ప్రైమ్ ఏంటంటే 2 పవర్ 13,62,79,841లోంచి 1 తీసేస్తే వచ్చేది, మొత్తం 4,10,24,320 అంకెలు. పట్టింది ల్యూక్ డ్యూరాంట్ అని ఎన్విడియా అనే చిప్‌ల కంపెనీలో పనిచేసి బయటికొచ్చినాయన, దానికోసం 17 దేశాల్లో క్లౌడ్ జీపీయూలు, అంటే అద్దెకి దొరికే స్పీడు లెక్కల చిప్‌లు, పెట్టి నడిపాడు, ప్రైజేమో 3000 డాలర్లు. మీ ఇంట్లో ల్యాప్‌టాప్ దానికి ఎక్కడ సరిపోద్ది చెప్పండి. బ్యాంకు సెక్యూరిటీకి పనికొస్తుంది అని మీవాడు అంటే అదీ నమ్మకండి, అక్కడ ఆర్ఎస్ఏ అనే రహస్య కోడ్ పద్ధతికి వాడే ప్రైములు మామూలుగా మూడొందల అంకెల పైచిలుకు, అంతే.

కానీ వెతకడం వేరు, అది ప్రైమేనని తేల్చడం వేరు. అసలు మజా రెండోదాంట్లో ఉంది. 2 పవర్ 5 మైనస్ 1 అంటే 31 కదా, 4తో మొదలెట్టి ప్రతిసారీ స్క్వేర్ చేసి 2 తీసేసి 31తో భాగించి శేషం ఉంచుకోవాలి: 4, 14, తర్వాత 194 అంటే శేషం 8, తర్వాత 62 అంటే శేషం 0. సున్నా వచ్చింది, ప్రైమ్. ఆ 4 కోట్ల అంకెల దానికీ ఇదే టెస్టు, కాకపోతే 13 కోట్ల సార్లు పైనే తిప్పాలి.

ఆదివారం వాడికి కాగితం ఇచ్చి ఒకటి అడగండి. 2 పవర్ 11 మైనస్ 1 అంటే 2047, ఇది 23 ఇంటూ 89. 23లోంచి 1 తీస్తే 22, 89లోంచి 1 తీస్తే 88, రెండూ 11 ఎక్కాలోవే, ఎందుకలా? దీన్ని పట్టుకుని పిలిచినా అన్నానికి రాకపోతే మ్యాథ్స్ మనిషి. చెన్నై సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్)లో బీఎస్సీ ఆనర్స్‌కీ, బెంగళూరు ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో బీమ్యాథ్ అనే మ్యాథ్స్ డిగ్రీకీ రాయించండి, వాటి ఎంట్రన్సులు వేరే, జేఈఈ ర్యాంకు అడగరు, పాత పేపర్లు వాళ్ల సైట్లలోనే ఉంటాయి. అదంతా ఎందుకు, ప్రోగ్రాం స్పీడ్ ఎలా పెంచాలో చెప్పు అన్నాడంటే నిశ్చింతగా సీఎస్ఈలో వెయ్యండి.

సీఎస్ఈలో వేస్తే మ్యాథ్స్ పోతుందనీ కాదు. ఏ నంబరైనా ప్రైమా కాదా అని గ్యారంటీగా, తొందరగా తేల్చే పద్ధతి 2002లో ఐఐటీ కాన్పూర్ నుంచే వచ్చింది, మణీంద్ర అగర్వాల్ సార్‌తో కలిసి చేసిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అప్పుడే కంప్యూటర్ సైన్స్ బీటెక్ పూర్తిచేసిన కుర్రాళ్లు. క్రిప్టాలజీ, అంటే రహస్య కోడ్‌ల శాస్త్రం, మీద మనసు పడితే తర్వాత ఐఎస్ఐ కోల్‌కతాలో ఎంటెక్ కూడా ఉంది.

ఒక్కటి మాత్రం దాచకుండా చెప్తా, మ్యాథ్స్ దారిలో పీహెచ్‌డీ అయ్యేసరికి 27, 28 ఏళ్లు వచ్చేస్తాయి, ఈలోపు మీ మరిదిగారబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో చేరి ఫ్లాట్ కొనేస్తాడు, పెళ్లిళ్లలో అందరూ అడుగుతారు, ఆ మాటలు పడాల్సింది వాడు కాదు, మీరు.

ఈఏపీసెట్ (పాత ఎంసెట్) అయ్యేదాకా రాత్రిపూట కంప్యూటర్ ఆపించండి. 2047 లెక్క ఏం చేశాడో నాకు రాయండి, ఏ పరీక్షకి ఫీజు కట్టాలో అప్పుడు చెప్తా.