క్లారిస్ ‘కనెక్ట్’ గొంతు లైవ్‌లో వేరేగా ఉందేంటి? – సమాధానం

జపాన్ పాప్ బృందం క్లారిస్ పాట ‘కనెక్ట్’ లైవ్ వీడియోలో గొంతు రికార్డింగ్‌లోలా లేదు, అది నకిలీయా అని అడిగారు. ఆ వీడియో నకిలీ కాదు, మనిషే మారింది. 2011లో ఈ పాటను క్లారా, ఆలిస్ పాడారు. 2014లో ఆలిస్ తప్పుకుంది, ఆమె స్థానంలో కారెన్ వచ్చింది. వాళ్ల తొలి సొంత కచేరీ 2015లో. అంటే మీరు చూసిన కచేరీలో రెండో గొంతు ఆలిస్‌ది కాదు, చాలావరకు కారెన్‌దే అయ్యుండాలి. అప్పట్లో ముఖాలు దాచుకునే జోడీ కాబట్టి చూసి పోల్చుకోలేం.

పాత గొంతే కావాలంటే:

1. ‘మదోకా మాజికా’ అనే జపనీస్ యానిమే సిరీస్ ఓపెనింగ్ పాటగా 2011 ఫిబ్రవరిలో వచ్చిన సింగిల్ వెతకండి.
2. చాలామంది పొరబడేది ఇక్కడే: మ్యూజిక్ యాప్‌లో కనిపించే ఏడాది చాలాసార్లు ఆల్బమ్‌ది, రికార్డింగ్‌ది కాదు. 2015 నాటి సింగిల్స్ సంకలనంలో ఉన్నదీ పాత ట్రాకే, వదిలేయకండి.
3. పేరు పక్కన ‘లైవ్’, ‘అకూస్టిక్’ అని ఉంటే అది వేరే రికార్డింగ్.
4. ఇంగ్లీషులో కొడితే వేరేవాళ్లు పాడిన కవర్లు కూడా రావచ్చు. పాట పేరు జపనీస్ కటకానా లిపిలో పేస్ట్ చేయండి.