కొత్త వంటింటి కబోర్డులు, చేతి మరకలు: అమ్మాయికి బాబాయి లేఖ

చి. ల. సౌ. అమ్మాయికి బాబాయి ఆశీర్వదించి వ్రాయునది.

హైదరాబాదులో మీరు కొన్న ఫ్లాటు వంటింటికి ముదురు నీలం రంగు అక్రిలిక్ తలుపులు (అద్దంలా మెరిసే ప్లాస్టిక్ షీటు అతికించినవి) వేయించాలనుకుంటున్నారనీ, చేతి మరకలు కనబడతాయేమోనని మీ అత్తగారు సందేహిస్తున్నారనీ రాశావు. ముప్పై ఏళ్లు చెక్కపని కాంట్రాక్టులు చేసినవాడిగా చెబుతున్నాను, ఈ విషయంలో మీ అత్తగారి మాటే సరైనది. చాలా ఏళ్ల క్రితం కూకట్‌పల్లిలో ఒక ఇంటికి అచ్చం అలాంటి మెరుపుతోనే వైన్ రంగు తలుపులు బిగించాను. గృహప్రవేశానికి వచ్చినవారంతా వాటిలో ముఖం చూసుకుని మెచ్చుకున్నారు. నెల తిరిగేసరికి ఆ ఇల్లాలు నన్ను పిలిపించి, ఒక చేత గరిటె, ఒక చేత తుడుపుగుడ్డ పట్టుకుని వంట చేయవలసి వస్తోందని చెప్పారు. ముందుగా హెచ్చరించకపోవడం నా తప్పే.

మరక పడని తలుపు ఎక్కడా లేదు. పడిన మరక కంటికి కనబడుతుందా లేదా అన్నదే మనం చూసుకోవలసినది. మన వేళ్ల మీద ఎప్పుడూ కొంత జిడ్డు, కొంత చెమట ఉంటాయి. అద్దంలా నున్నగా ఉన్న తలుపు వెలుగును ఒకే వైపుకు తిప్పి పంపుతుంది కనుక, జిడ్డు అంటిన చోట ఆ మెరుపు చెదిరి ముద్ర స్పష్టంగా తేలుతుంది. రంగు ముదిరేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. మ్యాట్ తలుపు, అంటే మెరుపు లేనిది, వెలుగును ముందే అన్ని వైపులకూ చెదరగొడుతుంది కాబట్టి ముద్ర అందులో కలిసిపోతుంది. అలాగని నల్ల మ్యాట్ జోలికి వెళ్లవద్దు. దాని సన్నటి గరుకులో నూనె నిండిందంటే అక్కడ తడి ఆరనట్టుగా ముదురు మచ్చ కనబడుతుంది, అది ఒకసారి తుడిస్తే పోదు కూడా. తెల్ల మ్యాట్ చేతిముద్రలను దాచినా పసుపును దాచదు. అందుచేత లేత బూడిద, ఇసుక రంగు, పాలు కలిపిన కాఫీ రంగు వంటి నడిమి రంగులు, లేదా సన్నని చెక్కగీతలున్న టేకు రంగు సన్మైకా మన వంటలకు అన్నిటికన్నా నప్పుతాయని నా అనుభవం. గీతలు మరీ లోతుగా ఉన్నవి మాత్రం పొయ్యి పక్కన వద్దు. పోపు ఆవిరి, దుమ్ము కలిసి ఆ గీతల్లో బంకలా పేరుకుంటాయి.

వేలిముద్రలు పట్టని లామినేట్లు (సన్మైకా వంటి షీట్లు) అంటూ ఇప్పుడు ప్రత్యేకంగా అమ్ముతున్నారు. ఇటలీలో తయారయ్యే ఫెనిక్స్ ఈ రకంలో పేరున్నది. దాని మీద పడే సన్నని గీతలను ఇస్త్రీపెట్టె వేడితో మాన్పవచ్చు కూడా. మన కంపెనీలు కూడా ఇటువంటి షీట్లు తెస్తున్నాయి. ఇవి నిజంగా పనిచేస్తాయి గాని ధర ఎక్కువ. డబ్బు సరిపోదనుకుంటే వంటింటి మొత్తానికి వేయించకుండా, చేయి మాటిమాటికీ తగిలే చోట్లకే, అంటే గరిటెల సొరుగు, పోపుడబ్బా సొరుగు, చెత్తబుట్ట తలుపు, సింకు కింది తలుపులకే పరిమితం చేయవచ్చు. అయితే రెండు రకాల షీట్ల రంగు కలుస్తుందో లేదో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. మీకు మెరుపు మీద అంత మోజు ఉంటే, ఏడాదికి రెండుసార్లు తప్ప ఎవరూ ముట్టుకోని పై అటక తలుపులకు లేత రంగు అక్రిలిక్ వేయించండి. వెలుతురు కూడా పెరుగుతుంది.

షీటు ఎంత మంచిదైనా హ్యాండిల్ సరిగా లేకపోతే ప్రయోజనం లేదు. తలుపును నొక్కితే తెరుచుకునే పద్ధతి చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని, పిండి కలిపిన చేత్తో రోజుకు ఇరవైసార్లు తలుపునే ఒత్తవలసి వస్తుంది. మరకలకు భయపడేవారు దానిని కోరి తెచ్చుకోకూడదు. వేళ్లు తలుపుకు తగలకుండా పట్టుకోగలిగినంత ఎడం ఉన్న, మెరుపు లేని స్టీలు కడ్డీ హ్యాండిళ్లు చాలు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో సింకు కింద ముదురు రంగు వేస్తే వేలిముద్రలకంటే ముందు ఉప్పునీటి చుక్కల తెల్లమచ్చలే విసిగిస్తాయి.

దుకాణంలో చూపే అరచేతి ముక్కను చూసి నిర్ణయించవద్దు. కనీసం కాగితమంత నమూనాలు అడిగి తెచ్చుకుని, మీద రక్షణ పొర ఉంటే ఒలిచేసి, మీ పొయ్యి పక్క గోడకు తలుపులాగే నిలువుగా ఆనించు. పూరీలు వేయించిన రోజు చేయి కడుక్కోకముందే దానిని ముట్టుకో. పొద్దున కిటికీ వెలుతురులోనూ, రాత్రి లైటు కిందనూ పక్కనుంచి చూడు. ఆ తరువాత పొడిగుడ్డతో ఒకసారి, తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఇంకా పోకపోతే ఎన్నిసార్లు తుడిస్తే మరక వదిలిందో లెక్కపెట్టు. కొంచెం పసుపునూనె రాసి రాత్రంతా ఉంచి చూస్తే ఇంకా మంచిది.

శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల లిక్విడ్, మెత్తని గుడ్డ, చివర పొడిగుడ్డ చాలు. పీచుతో రుద్దితే మ్యాట్ అరిగి ఆ చోటు శాశ్వతంగా మెరుస్తుంది, పెయింటులో కలిపే థిన్నర్ తగిలితే అక్రిలిక్ పాడవుతుంది. పనిమనిషికి ఈ రెండూ మొదటిరోజే చెప్పాలి.

నమూనాలు మీ అత్తగారికి కూడా చూపించి, ఇద్దరికీ నచ్చినది ఖాయమయ్యాక వంటింటి కొలతల కాగితం నాకు పంపు. హ్యాండిళ్లు ఎక్కడెక్కడ రావాలో గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను. అంతవరకు వడ్రంగికి అడ్వాన్సు ఇవ్వవద్దని అల్లుడిగారికి చెప్పు.

ఇట్లు,
మీ బాబాయి