పిల్లలు, అత్తయ్యగారితో నెర్హా: దూరం కాదు, ఎత్తు చూసుకోండి

జూలై-ఆగస్టులో పది రోజులు ఇద్దరు పిల్లలతో, శాకాహారి అయిన అత్తయ్యగారితో లండన్ నుంచి స్పెయిన్‌లోని నెర్హా వెళ్దామనుకుంటున్నాం, ఎలా ఉంటుందని అడిగారు. మేం మా అమ్మను, పిల్లలను తీసుకుని ఇదే ఊరు వెళ్లొచ్చాం. ముందుగా, రాతలో 'జె' ఉన్నా పలకడం 'హ'. దగ్గర్లోని పెద్ద ఊరు మాలగా బస్టాండులో నేను 'నెర్జా, నెర్జా' అంటుంటే కౌంటర్లో ఆవిడకు అర్థమే కాలేదు. నెర్హాకు రైలు లేదు. మాలగా ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి లోకల్ రైలు, స్టేషన్ పక్కనే బస్టాండు, అక్కణ్నుంచి 50 కిలోమీటర్లు.

మేం చేసిన పెద్ద పొరపాటు ఇల్లు. 'బీచ్‌కి 5 నిమిషాలు' అని రాసుంటే సంబరపడి బుక్ చేశాం. దిగడానికి నిజంగానే ఐదు నిమిషాలు. బురియానా బీచ్ నుంచి పైకి రావాలంటే నిట్టనిలువు రోడ్డు! మోకాళ్ల నొప్పులతో అమ్మ ప్రతి గోడ దగ్గరా కూర్చుంటూ అరగంటకు ఇల్లు చేరేది. మూడో రోజు నుంచి బీచ్‌కి రానంది. అందుకే బాల్కోన్ దె యూరోపా (ఊరి నడిబొడ్డున సముద్రం వైపు చూసే పెద్ద అరుగు) చుట్టుపక్కల, లిఫ్ట్ ఉన్న ఇల్లు చూడండి. అక్కడ నేల కాస్త సమతలం.

వంటగది తప్పనిసరి. చాలా హోటళ్లలో మధ్యాహ్నం భోజనం నాలుగింటికి ముగుస్తుంది, మళ్లీ పొయ్యి వెలిగేది రాత్రి ఎనిమిదిన్నరకే. ఆరింటికి పిల్లలు ఆకలంటే చిప్స్ ప్యాకెట్లే గతి. చిన్న రైస్ కుక్కర్, చారుపొడి పట్టుకెళ్లండి.

అత్తయ్యగారి తిండి విషయంలో 'మాంసం వద్దు' అంటే చాలదు. అక్కడివాళ్ల లెక్కలో చేప మాంసం కాదు. మామూలు సలాడ్ అడిగితే పైన ట్యూనా వేసి తెచ్చారు. 'సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హమోన్' (మాంసం, చేప, పంది మాంసం లేకుండా) అని మూడూ చెప్పండి. వంకాయ ముక్కలు వేయించి చెరకు పాకం పోసిచ్చే వంటకం ఒకటి ఉంటుంది. ఆ పాకం పక్క ఊరు ఫ్రిహిల్యానాలో ఇప్పటికీ తయారవుతుంది. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇదేంటే, వంకాయ బజ్జీ మీద బెల్లం పాకం పోశారు!" అంది, ప్లేటు మాత్రం ఖాళీ చేసింది. చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తారేమో అడగండి.

ఆగస్టు నడిమధ్యలో వద్దు. 15న దేశమంతా సెలవు, ఆ రోజుల్లోనే మాలగా జాతర కూడా. స్కూలు సెలవులు కుదిరితే జూలై చివరి వారమే నయం. ఎండ మండిపోతున్నా నీళ్లు చల్లగానే ఉంటాయి, జిబ్రాల్టర్ జలసంధి దాటి అట్లాంటిక్ నీరు వస్తుంది కదా. ఇసుక ముతకగా, నల్లగా ఉండి కాళ్లు కాలతాయి, చెప్పులు మరవద్దు. ఎర్రజెండా ఉంటే నీళ్లలోకి దిగొద్దు.

మిట్టమధ్యాహ్నం నెర్హా గుహలకు వెళ్లండి, లోపల హాయిగా ఉంటుంది. 1959లో కుర్రాళ్లు కనిపెట్టిన గుహలవి. మెట్లు ఎక్కువ, అమ్మ బయటే ఉండిపోయింది.

మీది ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే షెంగెన్ వీసాకు 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. వీసా అపాయింట్‌మెంట్ దొరక్కుండా టికెట్లు కొనొద్దు. ఇళ్ల లింకులు చూస్తున్నారా? వీధి పేరు చెప్తే అక్కడ ఎత్తు ఎలా ఉందో చెప్తాను.