షాషాంక్ కథ సినిమా అయినప్పుడు పాత్రలు ఎలా మారాయి?

స్టీఫెన్ కింగ్ 1982 నాటి నవలికకు, 1994 నాటి ‘ది షాషాంక్ రిడెంప్షన్’ సినిమాకు మధ్య బాగా మారింది వార్డెన్, అంటే షాషాంక్ జైలు పెద్ద అధికారి. పుస్తకంలో, చేయని హత్యలకు శిక్ష పడ్డ ఆండీ జైల్లో గడిపిన 27 ఏళ్లలో వార్డెన్లు మారుతుంటారు. సినిమాలో 19 ఏళ్లూ నార్టన్ ఒక్కడే. రెండు గంటల చిల్లరలో ప్రేక్షకుడి కోపం నిలవాలంటే ఒకే ముఖం ఉండాలి మరి. అందుకే అతని ముగింపూ ముదిరింది: పుస్తకంలో రాజీనామా, తెరమీద తుపాకీతో ఆత్మహత్య. ఆండీ నిర్దోషని చెప్పగల ఖైదీ టామీని పుస్తకంలో నోరు మూయించడానికి కాస్త సుఖమైన జైలుకు మారుస్తారు, సినిమాలో చంపేస్తారు.

నాకు బాగా నచ్చిన మార్పు బ్రూక్స్. పుస్తకంలో ఇలా వచ్చి అలా పోయే ఈ ముసలి లైబ్రేరియన్, సినిమాలో విడుదలయ్యాక బయట బతకలేక ఉరేసుకుంటాడు. అది చూశాం కాబట్టే, తర్వాత ఆండీ స్నేహితుడైన ఖైదీ రెడ్ విడుదలై అదే గదిలో దిగితే మనకు భయం పట్టుకుంటుంది. ఇక రెడ్ పుస్తకంలో ఐరిష్ మూలాలున్న మనిషి. నల్లజాతి నటుడు మోర్గన్ ఫ్రీమన్ వేశాక రూపం మారింది గానీ, కథ చెప్పేది ఇప్పటికీ అతనే.